బిడ్డ మందుల బాధ్యతను ఇంటిల్లిపాదీ పంచుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జబ్బుపడిన బిడ్డకు మందు వేసే మనిషి ఒక్కరే ఉండడం అరుదు. తండ్రి విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు. తల్లి ఉదయమే పలాసలో జీడిపిక్కల పనికో, పొలానికో బయలుదేరుతుంది. పగటిపూట బిడ్డను చూసుకునేది నాయనమ్మో, అమ్మమ్మో, పదో తరగతి చదువుతున్న అక్కో. డాక్టరు చెప్పిన మాట తల్లి ఒక్కతే వింటుంది. ఆ మాట ప్రకారం మందు వేయవలసినవాళ్లు మాత్రం ముగ్గురు నలుగురు. మోతాదు తప్పడం, ఒకే మందు రెండుసార్లు పడడం, కోర్సు మధ్యలో ఆగిపోవడం వంటివి ఎక్కువగా ఈ చేతులు మారే చోటే జరుగుతాయని నా అభిప్రాయం. అందుచేత మందుల జాగ్రత్తలతో పాటు, వాటి సమాచారం ఒకరి నుంచి మరొకరికి మారిపోకుండా చేరే పద్ధతిని కూడా వివరంగా చెబుతున్నాను. ఇందులో ఇచ్చిన మోతాదులు విషయం అర్థం కావడానికే. మీ బిడ్డకు ఎంత వేయాలన్నది డాక్టరు రాసిన దాని ప్రకారమే జరగాలి.

బిడ్డ పేరున ఒక నోటుపుస్తకం

దీర్ఘకాలపు జబ్బు ఉన్న బిడ్డకైనా, తరచుగా జ్వరం, దగ్గు వచ్చే బిడ్డకైనా మొదట చేయవలసిన పని గట్టి అట్ట ఉన్న ఒక నోటుపుస్తకం కొనడం. మొదటి పేజీలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు తెలిస్తే అది, పడని మందులు, ఉన్న జబ్బు పేరు, చూస్తున్న డాక్టరు లేదా ఆసుపత్రి పేరు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు రాయాలి. పడని మందు పేరు రాసేటప్పుడు ఏమయిందో కూడా రాయాలి. ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ముఖం వాచిందా, విరేచనాలు మాత్రమే అయ్యాయా అన్న తేడా డాక్టరుకు చాలా ముఖ్యం.

రెండో పేజీ బరువుకు కేటాయించండి. పిల్లల మందు మోతాదు వయసు కంటే బరువును బట్టి నిర్ణయమవుతుంది. ఐదేళ్లలోపు పిల్లల బరువును అంగన్‌వాడీ కేంద్రంలో చూస్తారు కనుక ఆ అంకెను తేదీతో సహా ఇక్కడ ఎక్కించుకోవచ్చు. మూర్ఛ మందు వంటివి ఏళ్ల తరబడి వాడుతున్నప్పుడు బిడ్డ బరువు పెరిగినా మోతాదు పాతదే ఉండిపోతే, మందు మానకపోయినా ఫిట్స్ తిరిగి రావచ్చు. బరువు పట్టిక చూపిస్తే డాక్టరు ఆ సంగతి వెంటనే పసిగడతారు.

మూడో పేజీ నుంచి అసలు పట్టిక. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క వరుస: సీసా మీదున్న పేరు, లోపలి అసలు మందు పేరు, ఎందుకోసం, ఎన్ని మిల్లీలీటర్లు లేదా ఎన్ని బిళ్లలు, ఏ ఏ వేళల్లో, తిండికి ముందా తరువాతా, ఏ తేదీ వరకు. ఇదంతా తెలుగులోనే రాయండి. చదువు రాని నాయనమ్మ మందు వేయవలసి ఉంటే సూర్యుడు, భోజనం పళ్లెం, చంద్రుడు బొమ్మలు గీసి, ఆ మందు వరుసకు ఒక రంగు వేసి, సీసాకు అదే రంగు కాగితం అంటించండి. మందు కొలిచే సూది లేని సిరంజి మీద ఎంతవరకు పీల్చాలో అక్కడ చెరగని రంగుతో ఒక గీత పెట్టండి. మందు వేసిన ప్రతిసారీ వేసినవాళ్లు ఆ రోజు గడిలో ఒక టిక్కు పెట్టాలి. తల్లి రాత్రి ఇంటికి వచ్చి ‘మధ్యాహ్నం మందు వేశారా’ అని అడిగితే అత్తగారికి అది ఆరా తీసినట్టుగా తోచవచ్చు. గడిలో టిక్కు ఉంటే అడగవలసిన అవసరమే ఉండదు. ఈ టిక్కులు చిన్న విషయంగా కనిపించినా, జ్వరం మందు తల్లి ఒకసారి, నాయనమ్మ ఒకసారి గంట తేడాతో వేయడాన్ని ఆపేది అవే.

ఓపీ చీటీలు, రక్త పరీక్షల కాగితాలు, డిశ్చార్జి సమ్మరీ, టీకాల కార్డు ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టి నోటుపుస్తకంతో పాటు ఉంచండి. పాఠశాలకో, అంగన్‌వాడీకో వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏదైనా లోపం గుర్తించి పెద్దాసుపత్రికి పంపుతూ చీటీ ఇస్తే అది కూడా ఈ సంచిలోకే చేరాలి. 2013లో మొదలైన ఈ కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు వర్తిస్తుంది. ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసి, దూరాన ఉన్న తండ్రికి వాట్సాప్‌లో పంపి ఉంచితే, ఇక్కడ కాగితం తడిసినా పోయినా అక్కడ ఒక ప్రతి మిగులుతుంది.

డాక్టరు ఎదుట అడగవలసినవి

రద్దీగా ఉన్న ఓపీలో బిడ్డకు దొరికే సమయం కొద్ది నిమిషాలే. కాబట్టి అడగవలసినవి ముందురోజు రాత్రే నోటుపుస్తకంలో రాసుకొని వెళ్లాలి. ఈ మందు దేనికి, ఎన్ని రోజులు, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, వేసిన వెంటనే కక్కితే మళ్లీ వేయాలా, ఏ లక్షణం కనిపిస్తే వేచి చూడకుండా రావాలి అన్న ఐదు ప్రశ్నలకు జవాబు లేకుండా గది దాటి రావద్దు. మరిచిపోయిన మోతాదు విషయంలో సాధారణంగా పాటించవలసిన నియమం మాత్రం ఒకటుంది: తరువాతి పూట రెండింతలు వేయకూడదు.

మీ ఇంటి పరిస్థితిని కూడా డాక్టరుకు చెప్పండి. రోజుకు మూడుసార్లు వేయవలసిన మందు రాస్తే, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరని, బిడ్డ బడిలో ఉంటాడని చెప్పడానికి మొహమాటపడవద్దు. చాలా సందర్భాల్లో ఉదయం, రాత్రి మాత్రమే వేసే మందుకు మార్చే వీలుంటుంది. ఆ అవసరం ఉందని చెబితేనే డాక్టరు ఆలోచిస్తారు. ఫ్రిజ్ లేకపోతే ఆ మాటా చెప్పాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించిన ఇంజక్షన్లు, ఇంట్లో పట్టించిన వసకొమ్ము, పసరు మందులు ఏవైనా ఉంటే దాచకుండా చెప్పాలి. కోప్పడతారన్న భయంతో తల్లులు ఈ మాట మింగేయడం వల్ల జబ్బు ఆనవాళ్లు డాక్టరుకు తప్పుదారి చూపుతాయి.

చీటీ మీది సంకేతాలు కష్టమైనవి కావు. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే రాత్రి పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైనప్పుడు మాత్రమే. 1-0-1 అని ఉంటే ఉదయం, రాత్రి వేసి మధ్యాహ్నం వదిలేయాలని అర్థం. ఎస్ఓఎస్ అని రాసినప్పుడు ఏది అవసరమో, రోజులో గరిష్ఠంగా ఎన్నిసార్లో తప్పక అడగండి.

మందుల షాపులో

సీసా చేతికి అందగానే చీటీ పక్కన పెట్టి అసలు మందు పేరు, బలం (ఎన్ని మిల్లీలీటర్లలో లేదా ఒక బిళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉందో), గడువు తేదీ పోల్చి చూడండి. చీటీలో ఉన్న కంపెనీ మందు లేదని వేరేది ఇస్తే, లోపలి మందు, బలం రెండూ అవేనా అని అడగడం మీ హక్కు. జన్ ఔషధి కేంద్రాల్లో దొరికే మందుల మీద అసలు మందు పేరే ఉంటుంది, ధర కూడా తక్కువ. దీర్ఘకాలం వాడవలసిన కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. మూర్ఛ మందును మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఒక కంపెనీ నుంచి మరొకదానికి మార్చవద్దు. బిళ్లల అట్టకు ఎడమవైపు నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. పోయినసారి తగ్గిందని అదే యాంటీబయోటిక్‌ను మళ్లీ షాపులో అడిగి తేవడం, అన్నకు మిగిలినది తమ్ముడికి పట్టడం పూర్తిగా మానుకోవాలి.

కొలత

పిల్లల మందుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడే ఉంది కనుక కొంచెం నిదానంగా చదవండి. జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే తీసుకుందాం. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే పేరుతో, దాదాపు అదే అట్టపెట్టెలో దొరికే మరో సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. పసిపిల్లలకిచ్చే డ్రాప్స్‌లోనైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే సిరప్‌కు చెప్పిన 5 మిల్లీలీటర్ల కొలతతో డ్రాప్స్ పట్టిస్తే బిడ్డ ఒంట్లోకి 500 మిల్లీగ్రాములు వెళుతుంది. పది కిలోల బిడ్డకు ఒక విడతకు 100 నుంచి 150 మిల్లీగ్రాములే సరిపోతుంది. మోతాదు మించితే దెబ్బతినేది కాలేయం. కాబట్టి ‘జ్వరం మందు ఒక చెంచా’ అన్న మాట ఇంట్లో ఎవరూ వాడకూడదు. ఏ సీసా, ఎంత బలం, ఎన్ని మిల్లీలీటర్లు అన్న మూడూ కలిపి చెప్పాలి, నోటుపుస్తకంలో అలాగే రాయాలి.

వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కొక్క పరిమాణంలో ఉంటాయి. ఉగ్గుగిన్నె కొలత కూడా ఏ ఇంటిది ఆ ఇంటిదే. సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి మందుల షాపులో కొద్దిపాటి ధరకే దొరుకుతుంది. మందు దానితోనే కొలవండి. బిడ్డను పడుకోబెట్టి ముక్కు మూసి మందు పోయడం మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. అలా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒళ్లో కూర్చోబెట్టుకొని, సిరంజి కొసను చెంప లోపలివైపు పెట్టి, కొద్దికొద్దిగా, మింగుతున్నాడని చూసుకుంటూ వదలాలి. పాలసీసాలో మందు కలిపితే పాలు మిగిలినంత మేర మందూ మిగిలిపోతుంది. ఏడాది నిండని బిడ్డకు తేనెలో రంగరించి ఇవ్వకూడదు.

పొడి రూపంలో వచ్చే యాంటీబయోటిక్ సీసాలో కాచి చల్లార్చిన నీటిని గుర్తు గీత వరకు పోసి, బాగా కుదిపి, మట్టం తగ్గితే మళ్లీ గీత దాకా పోయాలి. నీళ్లు ఎక్కువైతే మందు పలచబడుతుంది, తక్కువైతే చిక్కబడుతుంది. వేసే ప్రతిసారీ సీసాను కుదపాలి. కలిపిన తేదీని సీసా మీదే రాయండి. అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన సిరప్‌ను కలిపిన తరువాత ఫ్రిజ్‌లో ఉంచి సాధారణంగా ఏడు రోజుల్లో ముగించాలి. జ్వరం తగ్గిందని మూడో రోజుకే ఆపవద్దు. చెప్పిన రోజులు పూర్తయ్యాక మిగిలినది దాచవద్దు.

జ్వరం, విరేచనాలు, దగ్గు

పారాసిటమాల్‌ను నాలుగు నుంచి ఆరు గంటల వ్యవధి లేకుండా మళ్లీ వేయకూడదు, రోజులో నాలుగుసార్లు దాటకూడదు. జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ కలిసి ఉండవచ్చు కనుక రెండూ కలిపి వేస్తున్నారేమో లేబుల్ చదవండి. వానాకాలంలో మన ప్రాంతంలో డెంగీ, మలేరియా రెండూ ఉంటాయి. డెంగీ కాదని తేలేవరకు ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం ఉన్న జ్వరం మందులు వేయవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి, నొప్పికి వాడే నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వాడడాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. వైరల్ జ్వరాల్లో ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు.

విరేచనాలకు అసలైన మందు ఓఆర్‌ఎస్. పెద్ద పొట్లాన్ని సరిగ్గా ఒక లీటరు నీటిలో ఒకేసారి కలిపి 24 గంటల్లో వాడాలి. 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలు కూడా ఉంటాయి కనుక అట్ట మీద చూసుకోవాలి. డబ్బాల్లో దొరికే తియ్యని పానీయాలు ఓఆర్‌ఎస్ కావు, వాటిలోని పంచదార విరేచనాలను పెంచుతుంది. ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు 14 రోజులు వేయాలి: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వారికి 10. విరేచనాలు మూడో రోజుకే ఆగినా జింకు ఆపకూడదన్న మాట నాయనమ్మకు విడిగా చెప్పండి.

దగ్గు సిరప్ విషయంలో నేను గట్టిగానే చెబుతున్నాను. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయరాదని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవి సిఫారసు చేయదగినవి కావని సూచన ఇచ్చింది. పిల్లల దగ్గు చాలా వరకు దానంతట అదే తగ్గుతుంది. గోరువెచ్చని ద్రవాలు, తల్లిపాలు, విశ్రాంతి చాలు.

దగ్గుతో పాటు ఊపిరి వేగం చూడడం నేర్చుకోండి. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతే, తాగినదంతా కక్కుతుంటే, మగతగా ఉంటే, ఫిట్స్ వస్తే 108కి ఫోను చేయండి. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి వేచి చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెళ్లేటప్పుడు నోటుపుస్తకంతో పాటు వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసుకోండి.

ఏళ్ల తరబడి వాడే మందులు

కొన్ని మందులు బాగున్నప్పుడే మానేయాలనిపిస్తాయి, మానేస్తే ప్రమాదం కూడా వాటితోనే. మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఈ మందు వాడుతున్న బిడ్డకు ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టి, సమయం చూసి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించాలి. చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం చేయకూడదు. మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్లు వాచే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు వాడే ప్రెడ్నిసలోన్‌ను డాక్టరు చెప్పిన క్రమంలో తగ్గించుకుంటూ రావాలే తప్ప ఒంటి వాపు తీసిందని ఆపకూడదు. ఈ బిడ్డల ఉదయపు మూత్రంలో ప్రోటీన్ ఎంత వచ్చిందో నోటుపుస్తకంలో రాస్తూ ఉంటే జబ్బు తిరగబెట్టే సంగతి వాపు కంటే ముందే తెలుస్తుంది. ఉబ్బసానికి రోజూ వాడే ఇన్‌హేలర్‌కు అలవాటు పడతారన్న భయం అక్కర్లేదు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి వాడించి, తరువాత నోరు పుక్కిలింపించాలి. మందస, మెళియాపుట్టి వైపు సవర గ్రామాల వంటి గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే రక్త జబ్బు) ఉన్న బిడ్డకు జ్వరం 101 డిగ్రీలు దాటితే అది మామూలు జ్వరం కాదు, ఆ పూటే ఆసుపత్రి చూడాలి.

దాచడం, తుపాను రోజులు

మందుల పెట్టె బిడ్డకు అందని ఎత్తులో, తాళంతో ఉండాలి. ఇక్కడ పెద్దవాళ్ల మందులే ఎక్కువ భయపెట్టేవి. తాతగారి షుగరు బిళ్ల ఒక్కటి మింగినా చిన్నబిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులకు ఇచ్చే ఐరన్ బిళ్లలను గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడే పెద్దలున్న ఇళ్లలో రకరకాల బిళ్లలు కిటికీ గట్ల మీదే ఉంటాయి కనుక ఆ ఇళ్ల తల్లిదండ్రులకు ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కాబట్టి సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రోజూ వాడే మందులు కనీసం రెండు వారాలకు సరిపడా అదనంగా ఇంట్లో ఉండాలి. నోటుపుస్తకం, చీటీలు గాలి, నీరు చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఇన్సులిన్ వాడే బిడ్డ ఉంటే తెరవని సీసాలను ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. కరెంటు పోతే సీసాను ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి, చిన్న మట్టికుండలో పెట్టి, దాన్ని తడి ఇసుక నింపిన పెద్ద కుండలో నిలిపి, నీడలో గాలి తగిలేచోట ఉంచండి. వాడుతున్న సీసాను ఇలా చల్లగా ఉంచుకుంటే సుమారు నాలుగు వారాలు వాడవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే, తీవ్రమైన జబ్బు ఉన్న బిడ్డ సంగతి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ముందే తెలియజేయాలి.

బడి, హాస్టలు, పెద్దాసుపత్రి

ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడికి వెళ్లే ముందు పాత కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆ పథకం సహాయ కేంద్రంలో అడిగి, రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లండి. తిరిగి వచ్చాక మారిన మందులను నోటుపుస్తకంలో కొత్త పేజీలో రాసి, పాత పేజీని అడ్డంగా కొట్టేయండి. ఆపేసిన మందుల సీసాలను అదే రోజు ఇంట్లోంచి తీసేయాలి.

బడిలో తరగతి ఉపాధ్యాయునికి ఒక్క పేజీ కాగితం ఇవ్వండి: జబ్బు పేరు, బడిలో వేయవలసిన మందు, ఇబ్బంది వస్తే మొదట చేయవలసినది, ఫోను నంబరు. ఆశ్రమ పాఠశాలలో ఉండే బిడ్డ అయితే మందులు పిల్లవాడి పెట్టెలో కాకుండా వార్డెను దగ్గరో, అక్కడి ఏఎన్ఎం దగ్గరో పేరు రాసిన డబ్బాలో ఉంచాలి. చూడడానికి వెళ్లిన ప్రతిసారీ మిగిలిన బిళ్లలు లెక్కపెట్టండి. ఇచ్చిన తేదీ నుంచి గడిచిన రోజులతో లెక్క సరిపోకపోతే బిడ్డను తిట్టకుండా, ఏ పూట తప్పుతోందో కనుక్కొని, ఆ పూట మందు వేయించే పెద్దమనిషి ఎవరో వార్డెనుతో మాట్లాడి ఖాయం చేసుకోండి.